మంచినీటి పంపు మ్రోత: కారణములు, నివారణోపాయములు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు మెట్టసీమలు. ఇచ్చట జీవనదులు లేవు. చెరువు నిండిన యేడు పండుగ. నిండని యేడు కరవు. మన తాతల కాలమున రైతు బావినుండి కపిలతో నీరు తోడుకొనెడివాడు. కపిల గిలక కీచుమని అరచినంతనే అతడు ఎద్దులను నిలిపి, ఇరుసున నాలుగు చుక్కల ఆముదము వేసి, మరల తోలెడివాడు. అరుపును సహింపలేక కాదు. అరచు గిలక త్వరలో అరగి విరుగునని అతనికి తెలియును. చప్పుడు అతనికి హెచ్చరిక.

నేడు ఆ కపిలలు లేవు. ఎన్నో బావులు ఎండినవి. వేయి అడుగులు దాటి వేసిన బోర్లనుండి నీటిని పైకి లాగుచున్నాము. శ్రీశైలము జలాశయపు కృష్ణానీటిని మెట్టుమెట్టుగా ఎత్తి, హంద్రీ–నీవా కాలువలద్వారా ఈ సీమకు తెచ్చుచున్నారు. నీరు ఎచ్చటినుండి వచ్చినను, గ్రామములో అది సంపునకు చేరి, పంపువలన మీది ట్యాంకున కెక్కి, గొట్టములద్వారా ఇంటింటి కొళాయికి దిగవలసినదే. ఈ దారిలో ఎచ్చటనో ఒకచోట చప్పుడు పుట్టును. పంపు హోరు, సంపు గలగల, గొట్టము ఢమఢమ, కొళాయి బుసబుస మనకు అలవాటైన ధ్వనులే. అలవాటైనందున వానిని మనము వినుట మానితిమి. వినుట మానుటవలన కలుగు నష్టమేమి, చప్పుడును తగ్గించు మార్గమేమి అను విషయములను పంచాయతీ సభ్యులకు ఈ పాఠమున వివరింప దలచితిమి.

ఒక గ్రామపు అనుభవము

మదనపల్లెనుండి పుంగనూరు పోవు త్రోవలో మేము చూచిన ఒక గ్రామమును గూర్చి ముందుగా చెప్పెదము. పేరు చెప్ప నవసరము లేదు. ఇట్టి గ్రామములు అనేకములు గలవు. ఆ గ్రామమున పంపుగది ఇండ్ల నడుమ నున్నది. దానికి ఆనుకొనిన ఇంటిలో వృద్ధురాలొకతె నివసించుచుండెను. ఆమె పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, “రేయంతా గోడ వణకతా ఉంది నాయనా, నా మంచం కూడా వణకతా ఉంది” అని మొరపెట్టుకొనెను. ఆమె మనుమరాలు పదవ తరగతి పరీక్షలకు చదువుకొనుచుండెను.

సభ్యులలో కొందరు, రాత్రివేళ పంపు నిలిపివేయుదమనిరి. అట్లే చేసిరి. రెండు దినములకే ఎగువ వీధి కొళాయిలకు నీరు రాక, బిందెలు వరుస కట్టెను. ఎగువ వీధివారు, “ఒక్క ఇంటి నిద్రకై మా గొంతు లెండవలెనా?” అని అడిగిరి. ఊరు రెండు పక్షములయ్యెను. ఒకరికి నిద్ర, మరొకరికి నీరు. రెండును న్యాయమైన కోరికలే. తీర్పు చెప్పుట సర్పంచిగారికి కష్టమయ్యెను.

పిమ్మట మెకానిక్కును పిలిపించి చూపగా రెండు విషయములు తెలిసెను. మొదటిది, ట్యాంకునకు పోవు ఇనుప గొట్టమును పనివారు ఆ ఇంటి గోడకే ఇనుప పట్టీలతో బిగించిరి. పంపు వణకునంతసేపు గోడయు వణకెడిది. రెండవది, సంపులో నీటిమట్టము తగ్గినపుడు పీల్చు గొట్టపు మూతి పైన జానెడు నీరైనను నిలుచుట లేదు. నీటితోపాటు గాలియు లోనికి పోవుచుండెను. ఆ గాలివలననే పంపు గులకరాళ్ళు నమలినట్లు మ్రోగుచుండెను. గాలి త్రాగిన పంపు నీటిని తక్కువగా ఎత్తును. కావుననే ట్యాంకు నిండుటకు రాత్రియంతయు పట్టుచుండెను.

గొట్టమును గోడనుండి విడదీసి నేలపై స్తంభములకు రబ్బరు నడుమనుంచి బిగించిరి. సంపులో నీరు ఒక హద్దునకు దిగినంతనే మోటారు ఆగునట్లు తేలు మీటను అమర్చిరి. ట్యాంకు మునుపటికంటె త్వరగా నిండెను. రాత్రి పది గంటలకు ముందే పంపును ఆపుటకు వీలయ్యెను. నిద్రయు నీరును రెండును దక్కినవి. మేము మరల పోయినపుడు ఆ అవ్వను, సుఖముగా నిద్ర పట్టుచున్నదా యని అడిగితిమి. “చప్పుడు లేకపోతే నీళ్ళొస్తాయో రావో అని లేచి చూస్తా ఉన్నా” అని ఆమె నవ్వెను. కరవుసీమలో పుట్టినవారి మనసు అట్టిది.

ఆ వివాదమున ఉభయ పక్షములును చప్పుడును ఒక ఇబ్బందిగానే చూచెను. అది యంత్రము చెప్పుకొనుచున్న వ్యాధి యని ఎవరును తలపలేదు. పుంగనూరు పొట్టి ఆవును పెంచు రైతు దాని అరుపు విని ఆకలియో, నొప్పియో, దూడపై బెంగయో చెప్పగలడు. పంపు చప్పుడును గూడ అట్లే వినుట నేర్వవలెను.

చప్పుడు ప్రయాణించు రెండు దారులు

చప్పుడు అనగా వణకు. యంత్రము వణకినపుడు ఆ వణకు రెండు దారుల వెంట మన చెవిని చేరును. మొదటి దారి గాలి. రెండవ దారి ఘన పదార్థము: పునాది, గొట్టము, గోడ, నేల. మొదటిదానిని గోడయు తలుపును అడ్డగించును. రెండవదానిని గోడ అడ్డగింపదు సరికదా, తానే మోసికొనిపోవును. కావున పంపుగది తలుపు మూసినను పొరుగింట మంచము వణకుచున్నచో, అది రెండవ దారిన వచ్చిన చప్పుడని తెలిసికొనవలెను. దానికి మందు గోడలు కట్టుట కాదు. యంత్రమునకును గోడకును నడుమ నున్న బిగువైన సంబంధమును త్రెంచుట.

చప్పుడును డెసిబెల్ అను మానముతో కొలుతురు. ఒకే రీతి పంపులు రెండు ఒకేమారు తిరిగినచో కొలత రెట్టింపు కాదు. 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగును. ఆరుబయట దూరము రెట్టింపైనపుడు సుమారు 6 డెసిబెల్‌లు తగ్గును. శబ్ద కాలుష్య నియంత్రణకై కేంద్ర ప్రభుత్వము 2000 సంవత్సరమున చేసిన నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. రాత్రి యనగా 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు. ప్రభుత్వము నిశ్శబ్ద మండలముగా ప్రకటించిన ఆసుపత్రి, విద్యాలయ పరిసరములలో పగలు 50, రాత్రి 40 డెసిబెల్‌లు.

ఈ హద్దులు విలాసముకొరకు ఏర్పడినవి కావు. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో వందయేండ్లకు పైగా నడచుచున్న వైద్యాలయము మొదట క్షయరోగులకై నెలకొల్పబడినది. క్షయకు మందులు కనిపెట్టకమునుపు మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతి యివియే చికిత్స. విశ్రాంతికి నిశ్శబ్దము కావలెను. రోగికి వలెనే పసిబిడ్డకును, పరీక్షకు చదువు విద్యార్థికిని, పగలెల్ల టమాటా తోటలోనో మల్బరీ తోటలోనో శ్రమించి వచ్చిన కూలివానికిని అది కావలసినదే.

సంపులో పుట్టు చప్పుడు

సంపునందు మూడు విధములైన చప్పుళ్ళు పుట్టును.

మొదటిది సుడి. పీల్చు గొట్టపు మూతిపై నీరు చాలనపుడు ఉపరితలమున సుడి ఏర్పడి, గరాటువలె దిగి, గాలిని లోనికి తీసికొనిపోవును. అపుడు గుటగుటమను ధ్వని వినబడును. నీటిమట్టము ఎంత దిగినను ఆ మూతిపై గొట్టపు వ్యాసమునకు కనీసము రెండు మూడింతల లోతు నీరు ఉండవలెను. మూతికిని సంపు అడుగునకును నడుమ వ్యాసములో సగము మొదలు ఒక వ్యాసమంత ఎడము ఉండుట మేలు. అంతకు మిక్కిలి దగ్గరయైన అడుగు బురద ఎక్కును.

రెండవది, నీరు పైనుండి పడు చప్పుడు. మూత తెరచియున్న సంపు తంబురవలె ఆ చప్పుడును పెంచును. గొట్టమును నీటిలోపలికి దించినచో చప్పుడు అణగును. కాని త్రాగునీటి సంపునందు ఇది ప్రమాదకరము. పై గొట్టములో సరఫరా నిలిచి ఒత్తిడి తగ్గినపుడు, నీట మునిగిన గొట్టము సంపులోని నీటిని వెనుకకు లాగి, ప్రధాన గొట్టములోని శుభ్రమైన నీటితో కలుపవచ్చును. కావున నీటిని విడుచు మూతికిని, నీరు చేరగల అత్యధిక మట్టమునకును నడుమ గాలి యెడము తప్పక విడువవలెను. చప్పుడు తగ్గుటకై ధారను ఏటవాలు పలకపైననో, సంపు గోడ వెంటనో జారవిడువవలెను. జారు నీరు మ్రోగదు. సంపునకు బిగువైన మూతయు, గాలి గొట్టమునకు సన్నని జల్లెడయు అమర్చిన చప్పుడును, దోమలును గూడ తగ్గును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. పంపు నీటిని తానై లాగదు. పంపు లోపల ఒత్తిడి తగ్గినపుడు బయటి గాలి బరువు నీటిని పైకి నెట్టును. సముద్రమట్టమున ఈ గాలి బరువు సుమారు 10.3 మీటర్ల నీటిని నిలుపగలదు. మనసీమ ఎత్తైనది. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చట ఆ లెక్క 9.5 మీటర్లకు దిగును. 1,265 మీటర్ల ఎత్తుగల హార్సిలీ కొండపై అది సుమారు 8.9 మీటర్లు మాత్రమే. గొట్టపు రాపిడి, వంపులు, అడుగు కవాటపు అడ్డంకి పోగా ఆచరణలో నాలుగైదు మీటర్లకు మించి లాగింపరాదు. తీరప్రాంతమున నిశ్శబ్దముగా నడచిన అమరికయే ఇచ్చట మ్రోగుటకు ఇది యొక కారణము.

లాగుడు మితిమీరినపుడు పంపులోని చక్రము చెంత ఒత్తిడి మిక్కిలి తగ్గి, చల్లని నీరే మరిగినట్లు ఆవిరి బుడగలు పుట్టును. ఆ బుడగలు ఒత్తిడిగల చోటికి చేరినంతనే పగులును. ఒక్కొక్క పగులుపాటు ఒక చిన్న సమ్మెట దెబ్బ. గులకరాళ్ళు దొర్లినట్టి ధ్వని దానిదే. ఆ దెబ్బలకు లోహపు చక్రము చెదలు తిన్న కొయ్యవలె గుంటలు పడును. దీనికి విరుగుడు: పంపును నీటికి వీలైనంత దగ్గరగా దించుట, పీల్చు గొట్టమును పంపు మూతికంటె ఒక పరిమాణము పెద్దదిగా వేయుట, వంపులు తగ్గించుట, అడుగు కవాటపు జల్లెడను చెత్తలేకుండ ఉంచుట. పీల్చువైపు గేటు వాల్వును సగము మూసి నడపుట ఎన్నడును తగదు.

పంపు, పునాది, బేరింగులు

పంపును, మోటారును మోయు కాంక్రీటు దిమ్మె బరువు ఆ రెంటి బరువునకు మూడింతలైనను ఉండవలెను. తేలికైన దిమ్మె యంత్రముతోపాటు తానును వణకును. దిమ్మెకును గది గోడ పునాదికిని నడుమ ఎడము విడిచి, ఆ ఎడమును ఇసుకతోనో, మెత్తని పదార్థముతోనో నింపవలెను. చిన్న పంపుల క్రింద గట్టి రబ్బరు పలకలు పరచిన చాలవరకు గుణము కనబడును. అయితే బోల్టుల చుట్టును రబ్బరు వాషరు లేనిచో, పలక క్రింద నున్నను వణకు బోల్టు వెంట దిగిపోవును.

పంపును మోటారును వేరువేరుగా నుండి నడుమ జోడింపు గలదైనచో, రెండు ఇరుసులు ఒకే గీతలో నున్నవా యని యేడాదికి ఒకమారైనను చూపించవలెను. గీత తప్పిన ఇరుసు లయబద్ధముగా కొట్టుకొనును. బేరింగు అరగినచో సన్నని కీచు మొదలై, కొలది వారములలో గరగరగా మారును. కీచు దశలోనే బేరింగు మార్చిన ఖర్చు స్వల్పము. గరగర దశవరకు ఆగిన ఇరుసు చెడి, వైండింగు కాలి, ఖర్చు అనేక రెట్లగును. ఇక వేసవి నడుమ మోటారు కాలినపుడు ట్యాంకరు నీటికి అగు వ్యయమును, స్త్రీలు బిందెలతో నడచు దూరమును ఏ లెక్కలో వ్రాయగలము?

చప్పుడు ఎచ్చట పుట్టుచున్నదో తెలియుటకు మెకానిక్కులు ఒక సులభోపాయమును వాడుదురు. ఎండిన కర్రముక్క ఒక కొనను బేరింగు గూటిపై నానించి, రెండవ కొనను చెవియొద్ద నుంచుకొని విందురు. తిరుగు భాగములకు కర్ర తగులకుండ, బట్టలు వ్రేలాడకుండ జాగ్రత్త వహింపవలెను. క్రొత్త పంపు అమర్చిన దినముననే దాని చప్పుడును చరవాణిలో ఒక నిమిషము ముద్రించి దాచుకొనిన, మరునాటి చప్పుడుతో పోల్చుకొనుటకు వీలగును. చరవాణిలోని డెసిబెల్ కొలత అంచనాకు మాత్రమే పనికివచ్చును.

గొట్టములు కొట్టుకొనుట

కరెంటు పోయినపుడు గొట్టములు ఢామ్మని మ్రోగుట మీరు వినియుందురు. దీనిని నీటి సమ్మెట అందురు. నీరు బరువైనది, దారిలో పరుగెత్తు ఎద్దులబండి వంటిది. హఠాత్తుగా ఆపిన ఆ పరుగంతయు దెబ్బగా మారును. రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయి జుకోవ్‌స్కీ మాస్కో నగరపు నీటి గొట్టములపై ప్రయోగములు చేసి, ఈ దెబ్బ పరిమాణమును లెక్కించు సూత్రమును 1898లో ప్రకటించెను. ఆ లెక్క ప్రకారము ఇనుప గొట్టములో సెకనుకు 1 మీటరు వేగమున పోవు నీరు ఒక్కమారుగా నిలిచినచో 100 మీటర్లకు పైబడిన నీటిమట్టమునకు సమానమైన ఒత్తిడి అదనముగా పుట్టును. అనగా చదరపు సెంటీమీటరునకు 10 కిలోగ్రాములకు మించిన ఒత్తిడి. పి.వి.సి. గొట్టము కొంత సాగును గనుక దానిలో 30 మొదలు 45 మీటర్లవరకు పుట్టును. 6 కిలోగ్రాముల ఒత్తిడికి తగిన గొట్టము అప్పటికే 3 లేక 4 కిలోగ్రాములు మోయుచున్నచో, ఈ అదనపు దెబ్బకు దాని అతుకులు ఎంతకాలము నిలుచును? వారమునకు ఒకమారు అతుకు ఊడు గ్రామములలో దోషము జిగురుది కాకపోవచ్చును.

వాల్వును ఎంత మెల్లగా మూయవలెను? దెబ్బ అలవలె గొట్టము చివరవరకు పోయి తిరిగి వచ్చును. ఇనుప గొట్టములో దాని వేగము సెకనుకు సుమారు 1,000 మీటర్లు, పి.వి.సి.లో సుమారు 400 మీటర్లు. 1 కిలోమీటరు పొడవుగల పి.వి.సి. గొట్టములో పోయి వచ్చుటకు 5 సెకనులు పట్టును. అంతకంటె త్వరగా మూసిన పూర్తి దెబ్బ తగులును. ఆ కాలమునకు ఎన్నో రెట్లు నిదానించిన దెబ్బ దాదాపు లేకపోవును. కావున గేటు వాల్వును ఒక్కొక్క చుట్టే త్రిప్పుచు, నిముషముపాటైనను తీసికొని మూయవలెనని నీటి సరఫరా చూచు పనివానికి నేర్పవలెను. చివరి రెండు మూడు చుట్లు మిక్కిలి నెమ్మదిగా త్రిప్పవలెను. నీరు నిజముగా ఆగునది అప్పుడే.

పంపు నాపునపుడు గూడ ముందు వాల్వును మెల్లగా మూసి, తరువాత మోటారు నాపవలెను. కరెంటు తానై పోయినపుడు మన చేతిలో లేదు గనుక, వెనుకకు నీరు రానీయని నాన్‌రిటర్న్ వాల్వు మంచి స్థితిలో నుండవలెను. దాని రెక్క అరగి ఆలస్యముగా మూసికొన్నచో, వెనుకకు పరుగెత్తి వచ్చు నీరు దానిని విసరికొట్టును. స్ప్రింగు గల వాల్వు నీరు వెనుదిరుగక మునుపే మూసికొనును. కరెంటు రాగానే తనంతట నడచు ఆటో స్టార్టరులకు కొన్ని నిమిషముల ఆలస్యమును ఏర్పరచుట మరువరాదు. నీరు ఇంకను వెనుకకు దిగుచుండగా మోటారు మరల తిరుగనారంభించిన, దెబ్బకు ఇరుసే విరుగవచ్చును.

గొట్టములో నీటి వేగమును సెకనుకు 1 మొదలు 1.5 మీటర్ల లోపల ఉంచిన బుసబుసయు తగ్గును. రాపిడికి పోవు విద్యుత్తును తగ్గును. గొట్టము గోడను దాటు చోట సిమెంటుతో బిగింపక, పెద్ద తొడుగు గొట్టము వేసి నడుమ మెత్తని పదార్థము కూరవలెను. పంపు మూతియొద్ద రబ్బరు అతుకు నుంచిన వణకు గొట్టములోనికి ప్రాకదు. గొట్టమునకు స్వంత ఆధారముండవలెను. దాని బరువు పంపుపై వ్రేలాడరాదు.

గొట్టములలో గాలి

కొళాయి విప్పగానే ఉఫ్ మని గాలి వచ్చి, పిమ్మట నీరు చిమ్ముచు వచ్చినచో గొట్టములో గాలి చిక్కినదని అర్థము. కుప్పము పరిసరములవలె మిట్టపల్లములు గల నేలలో గొట్టము ఎక్కి దిగుచు పోవును. ప్రతి మిట్ట శిఖరమునను గాలి చేరి నీటి దారిని ఇరుకు చేయును. అట్టిచోట్ల గాలి వాల్వు లుండవలెను. ఉన్నవి పనిచేయుచున్నవో లేదో చూడవలెను. ఎన్నోచోట్ల అవి కారుచున్నవని పూర్తిగా బిగించి మరచిపోవుదురు.

బోరు పంపు విషయమున గాలి చప్పుడు మరింత గంభీరమైన హెచ్చరిక. సబ్‌మెర్సిబుల్ మోటారు నేలలోపల లోతున నుండును గనుక దాని రొద మనకు వినబడదు. పైకి వచ్చు ధార తెగితెగి చిమ్మినచో బోరులో నీటిమట్టము పంపువరకు దిగినదని తెలియవలెను. ఆ మోటారును చల్లబరచునది చుట్టునున్న నీరే. నీరు లేక తిరిగిన మోటారు కొలది కాలములోనే చెడును. కావున ధార చిమ్మిన వెంటనే ఆపి, బోరు ఊరుటకు వ్యవధి నీయవలెను. నీరు లేనపుడు తానై ఆగు సాధనము నమర్చుట ఉత్తమము.

పొంగు గొట్టము, చేపల తొట్టి

మీది ట్యాంకు పొంగు గొట్టము గళగళమనుట గూడ గాలి చేయు పనియే. ఒకే గొట్టములో నీరు దిగవలెను, గాలి పైకి రావలెను. ఇరుకు వాకిట ఇరువురు ఎదురుపడినట్లు రెండును పెనగులాడును. దీనిని చూడదలచినవారు గాజు చేపల తొట్టిని పరిశీలింపవచ్చును. పెద్ద తొట్టులకు క్రింద చిన్న సంపు, పంపు ఉండును. పై తొట్టినుండి దిగు గొట్టము గుటగుట మ్రోగి ఇంటివారి నిద్ర చెరచును. పెంపకపుదారులు ఆ గొట్టపు తల వంచి, వంపు శిఖరమున చిన్న గాలి రంధ్రము నుంచుదురు. గాలికి వేరు దారి దొరకగనే నీరు గోడ వెంట మౌనముగా జారును. పంపు క్రింద స్పంజి ముక్క పరచి, గొట్టము గాజునకు తగులకుండ చూతురు. బడిలో నున్న అట్టి తొట్టి విద్యార్థులకు ఈ పాఠమంతయు బోధింపగలదు.

ట్యాంకు పొంగు గొట్టమునకును ఇదే సూత్రము: గొట్టము వెడల్పుగా నుండవలెను, మొదటి వంపు శిఖరమున గాలి గొట్టము నిలుపవలెను, మూతికి జల్లెడ కట్టవలెను. అయితే పొంగు చప్పుడును పూర్తిగా అణచుట మాత్రమే చాలదు. పొంగు ధ్వని అనగా నీరు నేలపాలగుచున్నదని చాటింపు. ట్యాంకు నిండగనే మోటారు ఆగు తేలు మీట నమర్చుటయే దానికి అసలు నివారణ.

పంపుగది

ఇంతవరకు చెప్పినవన్నియు చేసినపిమ్మట మిగిలిన చప్పుడు గాలి దారిన వచ్చునది. గోడ ఇటుకదైనను తలుపు క్రింద నాలుగు వ్రేళ్ళ సందు విడిచిన కట్టడమంతయు వ్యర్థము. నీటివలె చప్పుడు సందు వెదకికొనును. అటులని గాలి రాకుండ మూసిన మోటారు వేడెక్కి కాలును. కావున గాలి కిటికీని ఇండ్లు లేని దిక్కునకు త్రిప్పి, దాని యెదుట అడ్డుగోడ నొకటి కట్టవలెను. గాలి వంకర తిరిగి పోవును; చప్పుడు చాలవరకు అడ్డుగోడకు తగిలి నిలుచును. క్రొత్తగా పంపుగది కట్టుచోట ఇండ్లకు, బడికి, ఆసుపత్రికి దూరముగా స్థలము నెన్నుకొనిన ఈ తంటాయే లేదు.

చప్పుడునుబట్టి దోషమును గుర్తించుట

1. గులకరాళ్ళు దొర్లినట్లు: లాగుడు మితిమీరినది, లేక జల్లెడ మూసికొనినది. వెంటనే ఆపి చూడవలెను.

2. గుటగుట: సంపులో నీరు తక్కువ, పీల్చు గొట్టము గాలి త్రాగుచున్నది.

3. సన్నని కీచు, గరగర: బేరింగు అరుగుదల. గ్రీజు చూచి, తగ్గనిచో మార్పించవలెను.

4. లయబద్ధమైన కొట్టుడు: బోల్టు వదులు, లేక ఇరుసు గీత తప్పుట.

5. ఆపునపుడు ఢామ్మను దెబ్బ: నీటి సమ్మెట. నాన్‌రిటర్న్ వాల్వును పరీక్షింపవలెను.

6. మోటారు కదలక హుమ్మని మూల్గుట: ఒక ఫేజు లేదు, లేక కెపాసిటరు చెడినది, లేక చక్రము పట్టుకొనినది. క్షణము ఆలసింపక స్విచ్చి ఆపవలెను.

7. పొరుగు గోడ వణకుట: గొట్టమునో, పునాదినో గోడనుండి వేరు చేయవలెను.

ప్రాణ రక్షణ

పై పనులలో దేనికి పూనుకొన్నను ముందు మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజు తీసి, తాళము వేసి, తాళపుచెవిని పనిచేయువాడే ఉంచుకొనవలెను. తడిచేతితో స్టార్టరు పెట్టెను తాకరాదు. మూసిన సంపులోనికి ఒక్కమారుగా దిగరాదు. లోపల ప్రాణవాయువు చాలక మనుష్యులు స్పృహ తప్పవచ్చును. పడినవానిని రక్షింప దిగినవాడు గూడ పడిపోవుట జరుగును. మూతలన్నియు చాలసేపు తెరచి, గాలి ఆడనిచ్చి, దిగువానికి నడుమున త్రాడు కట్టి, పైన ఇద్దరు నిలిచియున్నపుడే దిగవలెను. పని ముగిసిన పిదప సంపును కడిగి, బ్లీచింగు పొడితో శుద్ధి చేయవలెను. కొళాయి నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదా యని పరీక్షించిన పిదప నీరు త్రాగుటకు విడువవలెను.

పంచాయతీ కర్తవ్యము

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. త్రాగునీరు వానిలో ఒకటి. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన మిషను మనిషికి దినమునకు 55 లీటర్ల నీటిని కొళాయిద్వారా ఇంటికి చేర్చవలెనని లక్ష్యముగా నిర్ణయించినది. గొట్టములు వేయుట ఒకనాటి పని; అవి నిలుచునట్లు కాపాడుట ప్రతిదినపు పని. ఆ భారము పంచాయతీదే.

కావున సభ్యులు మూడు పనులు చేయవలెనని మా మనవి. మొదటిది, పంపుగదిలో ఒక పుస్తకము నుంచి, పంపు మొదలిడిన వేళ, ఆపిన వేళ, ట్యాంకు నిండిన కాలము, వినిన చప్పుడు అను నాలుగు విషయములను పనివానిచే దినదినము వ్రాయించుట. ట్యాంకు నిండు కాలము పెరుగుచున్నచో ఎచ్చటనో దోషమున్నదని ఆ పుస్తకమే చెప్పును. రెండవది, నెలకొకమారు సభ్యుడొకడు రాత్రివేళ పంపుగది చెంత నిలిచి పది నిముషములు వినుట. మూడవది, చప్పుడును గూర్చి వచ్చిన ఫిర్యాదును తగవుగా నెంచక సమాచారముగా స్వీకరించి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరునకు తెలుపుట. పంపు ప్రక్కన పండుకొను మనిషికంటె దాని ఆరోగ్యమును బాగుగా ఎరిగినవారు లేరు. ఆమె మొర నాలకించిన పంచాయతీ ఒక ఇంటి నిద్రను మాత్రమే గాక, ఊరి నీటిని గూడ కాపాడుకొన్నదగును.

గిలక కీచుమనినపుడు ఎద్దులను నిలిపి ఆముదము వేసిన రైతుకు చదువు రాదు. కాని వినుట వచ్చును. ఆ వినికిడిని మరల అలవరచుకొందము.